మా చెరువు గట్టు గురించి కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

టెక్కలి దగ్గర తేలినీలాపురం చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఏటా గూళ్లు కడతాయి. ఇలాంటి పక్షులకు మేత దొరికేది చుట్టుపక్కల చెరువుల్లో, చిత్తడి నేలల్లోనే. మా చెరువూ అలాంటిదే. దాని మట్టిగట్టు మీదే పొద్దున్నే ఊరంతా నడుస్తుంది, పిల్లలు గేలాలు వేస్తారు.

ఇప్పుడు గట్టులోని మదుము (నీళ్లు వదిలే తూము) పక్కన నీరు ఊరుతోంది. ఊట తేటగా ఉన్నంతవరకు కొంత నయం. బురదగా వస్తోందంటే లోపలి మట్టి కొట్టుకుపోతున్నట్టే, మాకు అదే టెన్షన్. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఎంత నష్టం చేసిందో జిల్లా మరచిపోలేదు. తుపాన్ల లోపే ఇంజినీర్లను పంపండి.

గట్టును చీల్చే చెట్లు కొట్టేయండి, కాదనం. చెరువు లోపలి తుమ్మలను మాత్రం వదిలేయండి, పక్షులు వాలేది వాటి మీదే. పని కోసం నీళ్లన్నీ ఒకేసారి వదలొద్దు. సిమెంటు ట్రాకు, లైట్లు మేం అడగడం లేదు.