కాగితాలన్నీ అడిగారు, పడినవారిని ఎలా దించుతారని అడగలేదు

సంపాదకులు గారికి,

తారురోడ్డు మీద కాకుండా కొండదారుల్లో, కాలిబాటల్లో సాగే ట్రైల్ పరుగు పోటీలు మన ప్రాంతంలోనూ మొదలయ్యాయి. వీటికి అనుమతులిచ్చే తీరు గురించి ఈ ఉత్తరం. అనుమతి దొరకడం కష్టమని నా ఫిర్యాదు కాదు. అసలు అడగవలసిన ప్రశ్న ఎవరూ అడగడం లేదని.

మా మేనకోడలు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలు. తూర్పు కనుమల పాదాన, జీడిమామిడి తోటల నడుమ ఉన్న మా ఊళ్ళో మొన్న సంక్రాంతి వెళ్ళాక ఇలాంటి పరుగు ఒకటి నిర్వహించింది. చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలకు రుసుము లేదు. పట్నం నుంచి వచ్చేవారు కట్టే డబ్బుతోనే ఖర్చులు గడవాలి. నేను తపాలా శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి కదా, "కాగితాల సంగతి నువ్వు చూసుకో మామయ్యా" అని ఆ పని నాకు అప్పగించింది.

పోటీ దారిలో కొంత పంచాయతీది, కొంత తోటల వాళ్ళది, పైభాగం రిజర్వు అడవి. రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా వెళ్ళడం అటవీ చట్టం కింద నేరం. అదే అభయారణ్యమైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా వర్తిస్తుంది. ఈ కట్టుబాట్లు ఉండి తీరాలి. విశాఖ పక్కనున్న కంబాలకొండలో ఎవరికి తోచినప్పుడు వారు మైకులు పెట్టి పరుగులు నడిపితే అక్కడి జంతువులు ఎక్కడికి పోవాలి? తోటల వాళ్ళు నోటిమాటతో ఒప్పుకున్నారు, పంచాయతీ తీర్మానం చేసింది. చిక్కంతా ఆ తర్వాతే వచ్చింది. ఒక కార్యాలయంలో ఫలానా శాఖ లేఖ తెస్తేనే దరఖాస్తు తీసుకుంటామన్నారు. ఆ శాఖవారేమో ముందు వీరి లేఖ తెమ్మన్నారు. చివరికి అనుమతి పోటీ ముందురోజు సాయంత్రం చేతికొచ్చింది. అప్పటికి పట్నం వాళ్ళలో చాలామంది రావడం మానుకున్నారు. పెద్ద ఈవెంట్ సంస్థలకు ఈ బాధ ఉండదు, తిరగడానికే జీతమిచ్చి మనుషులను పెట్టుకుంటాయి.

తిరగడం నాకు కొత్త కాదు, దాని గురించి అంతగా పట్టించుకోను. నన్ను ఆశ్చర్యపరిచింది వాళ్ళు అడిగిన వివరాలు. వేదిక ఎంత పొడవు, ముఖ్య అతిథి ఎవరు, మైకు ఎన్ని గంటల వరకు, వాహనాలు ఎక్కడ నిలుపుతారు. కొండ మీద ఎవరైనా పడి కాలు విరిగితే కిందికి ఎలా దించుతారని ఒక్క కార్యాలయంలోనూ అడగలేదు. ఆఖరి మనిషి దిగివచ్చాడో లేదో ఎలా తెలుస్తుందనీ అడగలేదు.

ఇది వట్టి భయం కాదు. 2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో 100 కిలోమీటర్ల కొండ పరుగు జరిగింది. 172 మంది బయలుదేరారు. ఎత్తైన చోట ఉన్నట్టుండి చలిగాలి, వడగళ్ళు విరుచుకుపడ్డాయి. పలుచని బట్టలతో ఉన్న 21 మంది చనిపోయారు. అంతా అనుభవం లేనివారేమీ కాదు, ఆ దేశంలో పేరుమోసిన పరుగువీరుడు లియాంగ్ జింగ్ కూడా వారిలో ఉన్నాడు. ఆరుగురిని కాపాడింది ఝూ కెమింగ్ అనే గొర్రెల కాపరి. తాను తలదాచుకున్న గుహలోకి వారిని చేర్చి మంట వేశాడు. మన కొండల్లో అంత చలి లేకపోవచ్చు. మనకు ఎండదెబ్బ ఉంది, పాములున్నాయి, కొండ తేనెటీగలున్నాయి.

ఆ తేనెటీగల సంగతి మాకు చెప్పింది కూడా ఒక మేకల కాపరే. మా మేనకోడలు ఫోనులో మ్యాపు చూసుకుంటూ దారి గుర్తులు పెడుతుంటే వెనకాలే వచ్చి, "ఆ బండ కింద నుంచి పిల్లలను పంపకండి పంతులమ్మ గారూ, పైన పట్టు ఉంది" అన్నాడు. తలెత్తి చూస్తే చాటంత పట్టు, నల్లగా. దారిని అప్పటికప్పుడు తోటల వైపు తిప్పింది. దారి పొడవునా కట్టిన గుడ్డ పీలికల్లో సగం మరునాటికల్లా ఆయన మేకలే తినేశాయి, అది వేరే కథ. పోటీ రోజున తెల్లవారకముందే బండల మీద సున్నంతో బాణాలు వేయించాం.

మా మేనకోడలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరును ముందే కలిసి పాముకాటు విరుగుడు మందు నిల్వ ఉందని నిర్ధారించుకుంది. 108 వాహనం అందరిదీ, దాన్ని మన పోటీ దగ్గర కట్టేసి ఉంచకూడదని అద్దె అంబులెన్స్ మాట్లాడింది. కానీ ఏ అంబులెన్సూ కొండెక్కదు. అందుకని పైన రెండు చోట్ల డోలీలు, వాటితో పాటు ఎగువ గూడెం కుర్రాళ్ళను కూలి ఇచ్చి నిలబెట్టింది. రోడ్డు లేక గర్భిణులను డోలీలో మోసుకొచ్చే గూడేల గురించి పత్రికల్లో తరచూ వస్తూనే ఉంది. ఆ అవసరం ఇంకా మిగిలి ఉండటం మనందరికీ సిగ్గుచేటు, దానిపై వేరే ఉత్తరం రాయాలి. ఆ రోజున మాత్రం వారి నేర్పే మమ్మల్ని గట్టెక్కించింది. పట్నం నుంచి వచ్చిన ఒకాయన చీలమండ బెణికి కూలబడితే, ముందువాళ్ళు అడుగు తడబడకుండా, వెనకవాళ్ళు కర్రను భుజం మార్చుకుంటూ రాళ్ళ మీదుగా దించుకొచ్చారు. నా బరువు మోయిస్తున్నానే అని ఆయన దారంతా నొచ్చుకుంటూనే ఉన్నాడు.

ఇవన్నీ మా మేనకోడలు తనకై తాను చేసింది. చేయకపోయినా అనుమతి వచ్చేదే. నాకు మింగుడుపడనిది అదే. జిల్లా కలెక్టర్లకు నా మనవి: ఇలాంటి పోటీలకు జిల్లా కేంద్రంలో ఒకే చోట, ఒకే దరఖాస్తు పెట్టించండి. మిగతా శాఖలకు దాన్ని పంపే పని కార్యాలయమే చూసుకోవాలి. నెల ముందు పెట్టిన దరఖాస్తుకు అవునో కాదో కనీసం పది రోజుల ముందు చెప్పాలి. వందమంది పాల్గొనే ఊరి పరుగునూ వేలమంది వచ్చే సంస్థ పోటీనీ ఒకే కాటాలో తూచకూడదు. క్షతగాత్రులను దించే ఏర్పాటు, అందరి వెనకా నడిచివచ్చే మనిషి, నీళ్ళు, ఉప్పు మజ్జిగ, చీకటి పడకముందే పోటీ ముగించే గడువు మాత్రం చిన్నా పెద్దా తేడా లేకుండా అందరికీ తప్పనిసరి కావాలి. ఇవి చూపలేని వారికి అనుమతి ఇవ్వకండి, రేపు మాకైనా సరే.

పిల్లలకు పరుగులెందుకు, చదువుకోక అనే అధికారులూ మాకు ఎదురయ్యారు. తెలంగాణలో భువనగిరి గుట్ట మీద శిక్షణ మొదలుపెట్టిన గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014లో ఎవరెస్టు ఎక్కారని వారికి గుర్తుచేయాలి. అందరూ అంత ఎత్తు ఎక్కనక్కరలేదు. మా ఊరి పరుగులో ఆడపిల్లల విభాగంలో ముందొచ్చిన అమ్మాయి రోజూ అదే దారిలో కట్టెలకు వెళ్ళేది.

వచ్చే సంక్రాంతికి మళ్ళీ పెడతానంటోంది మా మేనకోడలు. దసరా సెలవులు కాగానే దరఖాస్తు ఇస్తాం. ఈసారి దానితో పాటు డోలీలు ఎక్కడ ఉంచుతామో చూపే పటం కూడా, ఎవరూ అడగకపోయినా, జతచేస్తాను.

ఇట్లు,
విశ్రాంత తపాలా ఉద్యోగి,
అనకాపల్లి జిల్లా