శనివారం గ్రౌండులో జరిగింది

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మొన్న శనివారం 400 మీటర్ల సెలక్షన్లలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు నలుగురు వాంతి చేసుకున్నారు, ఇంకో బాబుకి కళ్లు తిరిగాయి. ఐదుగురూ బాగానే ఉన్నారు, సోమవారం బడికి వచ్చారు. ఈలోపు వాట్సాప్ గ్రూపులో మంచినీళ్ల ట్యాంకులో బల్లి పడిందన్నారు, పీఈటీ సారు ఎండలో పరిగెత్తించి శిక్ష వేశాడన్నారు. ట్యాంకు సంగతి మీలో ఇద్దరు నిచ్చెనెక్కి చూసుకుని వెళ్లారు కాబట్టి నేను చెప్పక్కర్లేదు. బల్లి లేదు.

సత్తువంతా పెట్టి పరిగెత్తేటప్పుడు రక్తం ఎక్కువగా కాళ్ల కండరాలకూ, ఒంటి వేడి తగ్గించడానికి చర్మానికీ మళ్లుతుంది, కడుపుకు వెళ్లేది బాగా తగ్గిపోతుంది. అప్పటికి పొట్టలో అరగని పూరీ ఉంటే అది కిందికి కదలదు, పైకే వస్తుంది. పైగా 400 మీటర్లంటే ఊపిరి అందనంత వేగంతో చివరిదాకా లాగాల్సిన పరుగు, రక్తంలో ఆమ్లం పెరిగి దానికీ వికారం పుడుతుంది. పేరున్న అథ్లెట్లకు కూడా ఇది జరిగేదే. కళ్లు తిరిగిన బాబు సంగతి వేరు, గీత దాటగానే ఉన్నచోటే నిలబడిపోయాడు. అలా ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్లలోనే ఉండిపోయి తలకు చాలదు, ఐదు నిమిషాలైనా నడవాలి. ఆ మాట ముందే చెప్పకపోవడం, తొమ్మిదిన్నర ఎండలో పెట్టడం, రెండు పరుగుల మధ్య పావుగంట కూడా ఇవ్వకపోవడం మా తప్పు, ఒప్పుకుంటున్నాను.

ఇక మీ వైపు సంగతి. కోప్పడటం లేదు, చెప్తున్నానంతే. ఆ నలుగురినీ ఏం తిన్నారని అడిగాను. ఒకరు తొమ్మిదింటికి ఆటోలో పూరీ కూర. ఒకరు టీ తప్ప ఏమీ లేదు. ఒకరు నీళ్ల బాటిల్లో కూల్‌డ్రింక్ తెచ్చుకుని సగం ఒకేసారి తాగేశారు. నాలుగో పాపకు పొద్దున జ్వరం ఉంటే మాత్ర వేసి పంపారట, సెలక్షన్ పోతుందని! జ్వరంతో పరిగెత్తడం ప్రమాదం, దయచేసి ఇంకెప్పుడూ అలా చేయకండి. "మా వాడు పొద్దున ఏం పెట్టినా తినడు మేడం" అని అంటుంటారు, రాత్రి పన్నెండుదాకా ఫోన్ చూసి ఏడున్నరకు లేచినవాడికి ఆకలి ఎక్కడిది?

కడుపునిండా తింటే పరుగుకు కనీసం మూడు గంటలు తేడా ఉండాలి, గంట ముందైతే ఒక అరటిపండు చాలు. నీళ్లు కొద్దికొద్దిగా తాగాలి. వాంతులు ఆగకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, పరిగెత్తుతూ స్పృహ తప్పినా, మాట తడబడినా మేం నేరుగా ఆసుపత్రికే తీసుకెళ్తాం, మీకు ఫోన్ దారిలో వస్తుంది. ఆస్తమా, గుండె జబ్బు లాంటివి ఉంటే కాగితం మీద రాసివ్వండి, దాచకండి.

సోమవారం నాకు మూడు ఉత్తరాలు వచ్చాయి, "పరుగు నుంచి తీసేయండి" అని. మూడూ ఆడపిల్లల ఇళ్ల నుంచే. వాంతి చేసుకున్న నలుగురిలో ఇద్దరు మగపిల్లలు, వాళ్ల ఇళ్ల నుంచి ఒక్క ఉత్తరమూ లేదు! మన వరంగల్ జిల్లా కల్లెడలో కూలి పని చేసుకునే ఇంట్లో పుట్టిన జీవాంజి దీప్తి 2024లో జపాన్‌లోని కోబెలో ఇదే 400 మీటర్లను 55.07 సెకన్లలో పరిగెత్తి మేధో వైకల్యం ఉన్నవారి విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఆ అమ్మాయిని కూడా ఎవరో ఒకరు ఇంట్లో కూర్చోబెట్టి ఉంటే? గేమ్స్ పీరియడ్‌ను లెక్కల సారుకి ఇచ్చేయమనే విన్నపాలు కూడా ఇక తీసుకోను, నేను ఈ కుర్చీలో ఉన్నంతకాలం అది గేమ్స్ పీరియడే.

తొమ్మిది బి అమ్మాయి ఒకతె వాంతి చేసుకుని, నోరు పుక్కిలించి, నేరుగా పీఈటీ సారు దగ్గరకొచ్చి "నా టైమింగ్ ఎంత సార్?" అంది. ఎనిమిదో తరగతి బాబు ఒకడు తన పరుగు మధ్యలో ఆపేసి, కళ్లు తిరిగి పడిపోయినవాడి కాళ్లు ఎత్తి పట్టుకున్నాడు, సెలక్ట్ కాలేదు, కానీ ఆ రోజు నాకు కనిపించిన మొనగాడు వాడే.

ప్రోగ్రెస్ కార్డులు సంతకం చేసి శుక్రవారంలోపు పంపండి, రెండో టర్మ్ ఫీజు కట్టనివారు కట్టండి, దసరా సెలవుల తేదీలు డైరీలో రాయించాం.

సెలక్షన్లు మళ్లీ ఈ శనివారం ఉదయం ఏడింటికి. ఆరింటికి అరటిపండు పెట్టండి, టిఫిన్ డబ్బాలో సర్దండి, పరుగయ్యాక కాస్త ఆగి తింటారు. చూడాలనుకునేవారు రండి, వేపచెట్టు కింద కుర్చీలు వేయిస్తాం, గోడ మీంచి బిస్కెట్లు మాత్రం అందించకండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు