వార్షిక నివేదిక: ఫాస్టర్ కేర్ పిల్లల తరఫున కోర్టులో మన వాలంటీర్లు

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

బడులు తెరిచే ముందు పుస్తకాల సంచులు, చలికాలంలో కోట్లు పంచే కార్యక్రమాలు ఈ ఏడాది కూడా యథావిధిగా జరిగాయి. వాటి గురించి విడిగా చెప్పవలసింది లేదు. నివేదికలో ఎక్కువ భాగాన్ని మనం తొలిసారి చేపట్టిన పనికి కేటాయిస్తున్నాము. హింస వల్లనో, నిర్లక్ష్యం వల్లనో సొంత ఇంటికి దూరమై ఇక్కడ టెక్సాస్‌లో ఫాస్టర్ కేర్‌లో, అంటే ప్రభుత్వం ఏర్పాటు చేసిన తాత్కాలిక సంరక్షణలో ఉంటున్న పిల్లల స్థితిగతులను స్వయంగా తెలుసుకుని కోర్టుకు విన్నవించే ‘కాసా’ (కోర్ట్ అపాయింటెడ్ స్పెషల్ అడ్వకేట్, అంటే బిడ్డ తరఫున కోర్టు నియమించే ప్రతినిధి) వాలంటీర్లుగా మన సభ్యులు కొందరు ప్రమాణం చేశారు.

ఈ వ్యవస్థ 1977లో సియాటెల్‌లో మొదలైంది. పిల్లల బతుకులను మలుపు తిప్పే తీర్పులు ఇస్తున్నా, ఆ పిల్లల గురించి తనకు తెలిసింది చాలా తక్కువని గ్రహించిన న్యాయమూర్తి డేవిడ్ సూకప్, సాయపడేవారి కోసం మధ్యాహ్న భోజన వేళ ఒక సమావేశం పెట్టారు. నలుగురైదుగురు వస్తే చాలనుకుంటే 50 మంది వచ్చారు. లాయరు చట్టం సంగతి చూస్తారు, శిశు సంక్షేమ శాఖ కేస్‌వర్కర్ చేతిలో ఎన్నో కేసులుంటాయి. వాలంటీరు మాత్రం ఒక బిడ్డనో, ఒకే ఇంటి తోబుట్టువులనో పట్టించుకుంటారు. పిల్లలను తరచుగా వెళ్లి చూడడం, టీచరుతో, డాక్టరుతో, పెంచుతున్న కుటుంబంతో, కన్నవారితో మాట్లాడడం, వాయిదాకు ముందు రాతపూర్వకంగా నివేదిక ఇవ్వడం వారి పని.

టెక్సాస్‌లో బిడ్డను ఇంటి నుంచి తీసుకువచ్చిన 14 రోజుల్లోపు ఇరుపక్షాల వాదన వినే విచారణ, కోర్టు తాత్కాలిక ఆదేశం ఇచ్చాక 60 రోజుల్లోపు మరొకటి, 180 రోజుల్లోపు ఇంకొకటి ఉంటాయి. సాధారణంగా ఏడాదిలోపు కేసు తేలాలి, తప్పనిసరైతే మరో 180 రోజుల గడువు ఇస్తారు. అందుచేత ఇది ఒక శనివారం వెళ్లి చేసి వచ్చే సేవ కాదు.

సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దాయన “తల్లీబిడ్డలను విడదీసే పని మనకెందుకమ్మా?” అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. బిడ్డ క్షేమంగా తిరిగి సొంత ఇంటికి చేరడమే సాధారణంగా మొదటి లక్ష్యమనీ, అది కుదరనప్పుడు బంధువుల వైపు చూస్తారనీ, దత్తత ప్రస్తావన ఆ తర్వాతిదనీ శిక్షణలో మొదటే చెప్పారు. మేనత్త ఎక్కడుంది, అమ్మమ్మను ఎవరైనా అడిగారా అన్న ప్రశ్నలు మనవాళ్లకు ఒకరు నేర్పనక్కర్లేకపోయింది.

గోప్యత నిబంధనల వల్ల అసలు కేసుల గురించి ఇక్కడ ఒక్క ముక్క కూడా రాయడం లేదు. నివేదికలో ఫొటోలు లేకపోవడానికీ కారణం అదే. శిక్షణలో ఇచ్చిన కల్పిత కేసు గురించి మాత్రం చెప్పవచ్చు. ఎనిమిదేళ్ల బాబు, రెండు ఇళ్లు మారాడు, చదువుపై శ్రద్ధ లేదని టీచరు రాశారు. ఆ కేసు కాగితాల కట్టలో ఎక్కడో లోపల, వాడికి కళ్లద్దాలు కావాలన్న పాత చీటీ ఒకటుంది. ఆ అద్దాలు మొదటి ఇంట్లోనే ఉండిపోయాయేమోనన్న అనుమానం, ఉద్యోగరీత్యా రసీదులు సరిచూడడం అలవాటైన మన సభ్యురాలు ఒకరికే వచ్చింది. ఈ పనికి కావలసింది దయ ఒక్కటే కాదని మిగతావారికి అప్పుడు అర్థమైంది.

మన వల్ల జరిగిన పొరపాట్లు రెండు. ఉగాది వేడుకల్లో ఈ సేవ గురించిన బల్లను హైస్కూలు పిల్లలు స్వచ్ఛంద సేవా గంటల కోసం పేర్లు ఇచ్చే బల్ల పక్కనే పెట్టాము; 21 ఏళ్లు నిండితేనే అర్హత కావడంతో ఉత్సాహంగా వచ్చిన పిల్లలను వెనక్కి పంపవలసి వచ్చింది. ఇంతకన్నా పెద్దది, ఉద్యోగం మారి ఊరు వదిలిన ఒక సభ్యుడు కేసును మధ్యలో వేరొకరికి అప్పగించవలసి రావడం. ఆయన తప్పేమీ లేదు. ఊరు మారే అవకాశం ఉందా అని ముందుగా మనమే అడిగి ఉండవలసింది. ఎందరో మనుషులు మారిపోవడం చూసిన బిడ్డకు ఆ జాబితాలో మరొకరిని చేర్చాము.

ఖర్చు నామమాత్రమే, వివరాలు కోశాధికారి పద్దుల్లో ఉన్నాయి.

వచ్చే ఏడాది చేరదలచినవారు దాదాపు 30 గంటల శిక్షణకు, వేలిముద్రలకు, నేరచరిత్ర పరిశీలనకు సిద్ధపడాలి. ఏడాదిన్నరలోపు ఊరు మారతామనుకునేవారు ప్రస్తుతానికి ఆగవలసిందిగా మనవి. దరఖాస్తు వివరాలు ఉగాది వేడుకల్లో లభిస్తాయి. ఈసారి బల్ల పెద్దల కాఫీ కౌంటరు పక్కన ఉంటుంది.