అమృతం టీమ్‌ను కలపండి, స్టెప్పులు మాత్రం వేయించకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

'అమృతం' కామెడీ సీరియల్ వాళ్ళందర్నీ ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడిస్తే చూడాలని ఉందని నాలాంటి అభిమానులు ఎప్పట్నుంచో అడుగుతూనే ఉన్నారు. నాకూ ఉంది. కానీ టీవీలో పండగ ప్రోగ్రాములకి పాత టీముల్ని పిలిచి, రెండు స్టెప్పులు వేయించి, ఒక గేమ్ ఆడించి, చివర్లో కళ్ళనీళ్ళు పెట్టించి పంపేయడం చూస్తుంటే, వీళ్ళని కూడా అలాగే చేస్తారేమోనన్న టెన్షన్‌తో ఈ ఉత్తరం రాస్తున్నాను.

సీరియల్లో అంజిగా చేసిన గుండు హనుమంతరావు గారు 2018 ఫిబ్రవరిలోనే చనిపోయారు. అంజి లేకుండా కలయిక ఏంటి అనేవాళ్ళున్నారు. నేనైతే అందుకే తొందరపడాలంటాను. మిగతావాళ్ళు ఆయన గురించి చెప్పాల్సింది ఎంతో ఉంటుంది, అది ఇప్పుడు అడక్కపోతే ఇంకెప్పుడు అడుగుతాం?

కొత్త కథలు తీయమని మాత్రం నేను అడగడం లేదు. 2014లో సీరియల్ తీసిన గుణ్ణం గంగరాజు గారే అమృతం, అంజి పాత్రలకి వేరే నటుల్ని పెట్టి సినిమా తీశారు, ఆడలేదు. 2020 ఉగాదికి జీ5లో రెండో భాగం మొదలుపెట్టి అంజి పాత్ర ఎల్.బి.శ్రీరామ్ గారికిచ్చారు. ఆయన నటనకి వంక పెట్టేవాడెవడూ లేడు, అయినా మన అంజి ఆయన కాదు కదా. పాత ఎపిసోడ్లు యూట్యూబ్‌లో ఉన్నాయి, నవ్వుకోవాలంటే అవి చాలు. ఇప్పుడు కావల్సింది కబుర్లు.

ఇక అభిమానులు కలిస్తే మొదటి గొడవ అసలు అమృతం ఎవరని. ఆ పాత్రని మొదట శివాజీరాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్ చేశారు. మనిషి మారినా సీరియల్ ఆగలేదు, 2001 నుంచి 2007 దాకా జెమినిలో నడిచింది. నా ఓటు హర్షవర్ధన్‌కే, ఆ కంగారు మొహం ఇంకెవరికీ రాదు. మొదటి ఇద్దరి విషయంలో ఇంకో తమాషా ఉంది. శివాజీరాజా గారు 2017లో తెలుగు సినిమా నటుల సంఘం 'మా'కి అధ్యక్షుడయ్యారు, 2019 ఎన్నికల్లో ఆయన్ని ఓడించి ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరయ్యా అంటే నరేష్ గారు! అమృతం మీద అమృతమే గెలిచాడన్నమాట. సీరియల్లో రాసుంటే మరీ ఓవర్ అనేవాళ్ళం.

నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, ఈ చర్చల్లో ఎవరో ఒకరు వచ్చి "పాపం, సీరియల్ తర్వాత వీళ్ళెవరూ పైకి రాలేదు" అంటారు చూడండి, అక్కడ. పైకి రావడమంటే హీరో అవడమేనా? నరేష్ గారు ఈ సీరియల్‌కి ముందే, ఎనభైల్లోనే హీరో. ఆ తర్వాత టీవీకి వచ్చి నవ్వించి, మళ్ళీ సినిమాల్లో తండ్రి వేషాలతో ఎంత బిజీ అయ్యారో చూస్తూనే ఉన్నాం, 2023లో 'సామజవరగమన'లో డిగ్రీ పాసవ్వలేక కొడుకుని ఏడిపించే తండ్రిగా సినిమా సగం ఆయనే మోశారు. హర్షవర్ధన్ 'ఇష్క్'కి, 'మనం'కి మాటలు రాశారు. ఆ సినిమాల డైలాగులు నోటికొచ్చిన వాళ్ళలో ఎంతమందికి అవి రాసింది అమృతమేనని తెలుసు? మొన్న 2025లో 'కోర్టు'లో లాయరుగా చూసి జనం కొత్తగా కనిపెట్టినట్టు మెచ్చుకున్నారు. ఈ సీరియల్లో చేసిన ఝాన్సీ గారు యాంకర్‌గానే గుర్తున్నవాళ్ళు 'మల్లేశం'లో అమ్మ వేషం చూడండి. అప్పాజీగా చేసిన శివన్నారాయణ గారు తెర మీదకి ఎప్పుడొచ్చినా హాల్లో ఎవరో ఒకరు "అప్పాజీ" అంటారు. అది ఆయనకి ఆనందమో, విసుగో ఎవరైనా అడిగారా?

తెర వెనకాల వాళ్ళని కూడా పిలవాలి. మొదట్లో కొన్ని ఎపిసోడ్లు తీసిన చంద్రశేఖర్ యేలేటి ఆ తర్వాత గంగరాజు గారి బ్యానర్‌లోనే 'ఐతే' తీశారు, దానికి జాతీయ అవార్డు కూడా వచ్చింది. టైటిల్ పాట రాసిన సిరివెన్నెల గారు ఇప్పుడు లేరు, ట్యూన్ కట్టిన కల్యాణి మాలిక్ గారు ఉన్నారు, ఆయన్ని అడిగితే ఆ పాట కథ చెబుతారు.

టీవీ వాళ్ళని నమ్ముకోవడం కంటే మీ ఆదివారం అనుబంధంలోనే ఈ పని చేయొచ్చు కదా అనిపిస్తోంది. నాలుగు పేజీలు కేటాయించండి, వాళ్ళని మాట్లాడనివ్వండి, మధ్యలో "అప్పట్లో మీ క్రష్ ఎవరు" లాంటి ప్రశ్నలు వద్దు. ఆ రోజుల్లో స్క్రిప్టు చేతికి ఎప్పుడొచ్చేది, డైలాగు ఎవరు మార్చేవారు, అమృతం మారిన మొదటి రోజు షూటింగ్‌లో అంజి ఏమన్నాడు, డబ్బులు సరిగ్గా ఇచ్చారా, ఇలాంటివి అడగండి. ఫొటో తీసేటప్పుడు మాత్రం శివాజీరాజా గారినీ నరేష్ గారినీ పక్కపక్కనే నిలబెట్టండి.

ఇట్లు,
ఒక అమృతం అభిమాని