గ్రీసు ప్రజల ఓటుకు విలువేది?

సంపాదకుడు గారికి,

యూరప్ దేశాలు ఇంకా దగ్గరవ్వాలని కొందరు అనడం మంచిదే. కానీ 2015లో గ్రీసుకు జరిగింది మరిచిపోతే ఎలా? అప్పుల్లో కూరుకుపోయిన ఆ దేశంలో బ్యాంకులు మూసేశారు. ఏటీఎంలో రోజుకు 60 యూరోలకు మించి ఇవ్వలేదు. అంత టెన్షన్‌లోనూ జనం జులై 5న పోలింగ్ కేంద్రాలకు వెళ్లి, అప్పులిచ్చినవాళ్ల షరతులు వద్దని 61 శాతం ఓటుతో చెప్పారు. వారం తిరిగేసరికి ప్రధాని సిప్రాస్ బ్రస్సెల్స్‌లో యూరో దేశాల నేతలతో రాత్రంతా చర్చల్లో కూర్చుని, చివరికి పన్నుల పెంపుకు, పింఛన్ల కోతకు తలొగ్గాల్సి వచ్చింది.

అప్పు తీర్చాల్సిందే, కాదనను. గ్రీసుకు అప్పిచ్చిన జర్మనీలో పన్ను కట్టేవాళ్లకూ ఓటుంది. అయితే యూరో వాడే దేశాల ఆర్థిక మంత్రుల బృందం యూరోగ్రూప్ తలుపులు మూసుకుని కోట్లమంది బతుకులు తేల్చడం అన్యాయం. ఉమ్మడి కరెన్సీ నిర్ణయాలను యూరోపియన్ పార్లమెంటులో, జనం చూస్తుండగా చర్చించాలి.

– ఒక పాఠకుడు, విజయవాడ