మా పసిపిల్లల గది నిలబెట్టిన సిస్టర్‌కి వందనాలు

మద్దిలపాలెం దగ్గర మా చర్చిలో, ఆదివారం ఆరాధన జరిగేటప్పుడు పసిపిల్లల్ని చూసుకోడానికి ఒక గది పెట్టాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాం. గది ఉంది, చాపలున్నాయి, ఎలా నడపాలో మాత్రం తెలీదు. అప్పుడు వచ్చారు మీరు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు సిస్టర్.

అందరూ తెచ్చిచ్చిన బొమ్మల్ని కింద పోసి, టిష్యూ రోల్ అట్ట గొట్టంలోంచి ఒక్కొక్కటే వేసి చూశారు. జారిపోయినవన్నీ పక్కన పెట్టేశారు. "మూడేళ్లలోపు పిల్లల గొంతుకు అడ్డం పడేవి ఇవేనమ్మా" అన్నారు. పాటలు పాడే బొమ్మకి బ్యాటరీ మూత వదులుగా ఉందని దాన్నీ తీసేశారు. బటన్ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చని మీరు చెప్పేదాకా మాలో ఎవరికీ తెలీదు.

గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుండాలి, నిద్రపోయే పసికందుని వెల్లకిలా పడుకోబెట్టాలి, గోడ మీద పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు కనపడాలి అన్నారు. బిడ్డకీ తల్లికీ ఒకే నంబరు చీటీ, అది చూపిస్తేనే అప్పగింత. "అందరం మనవాళ్లమే కదా, చీటీలెందుకు?" అన్న పెద్దలకి కూడా ఓపిగ్గా నచ్చజెప్పారు. నా మటుకు అన్నిటికన్నా పెద్ద సాయం అదే.

ఇప్పుడు చంటిపిల్లల తల్లులు టెన్షన్ లేకుండా వాక్యం పూర్తిగా వింటున్నారు. కొత్తగా చేరే వాలంటీర్లకి కూడా మీరే నేర్పాలని మా అందరి కోరిక. హృదయపూర్వక వందనాలు సిస్టర్.