చెల్లె రక్తం ఓ కాదు

హనుమకొండ,
ఆదివారం రాత్రి

ప్రియమైన రాజమల్లుకు,

నీ ఉత్తరం అంది నెలన్నర దాటినా జవాబు రాయనందుకు మన్నించు. మీ చిన్నాయన కొడుకు ఈ రాత్రే మస్కట్‌కు బయలుదేరుతున్నాడని, పోతూ మా ఇంటి ముందు ఆగుతాడని తెలిసి హడావిడిగా కూర్చున్నాను. ఇక్కడ అందరూ క్షేమం. పత్తి రెండో ఏరుడు అయింది కానీ ఎనుమాముల మార్కెట్‌కు ఇంకా తోలలేదు. అమ్మ మోకాలి నొప్పి అట్లాగే ఉన్నది. నీ గొడుగు నా దగ్గర భద్రంగా ఉన్నది, దాని సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇక అసలు విషయానికి వస్తాను.

మన చెల్లె స్వరూప రక్తం ఓ పాజిటివ్ కాదు. ఇన్నాళ్లూ అందరం అదే అనుకున్నాం.

రెండో కాన్పు అని నీకు తెలుసు కదా. ఎనిమిదో నెల మొదట్లో స్కానింగులో మాయ కిందికి, గర్భసంచి ముఖద్వారం మీదికి ఉన్నదని తేలింది. ఆపరేషన్ తప్పదని, రక్తస్రావం ఎక్కువ కావచ్చని, హిమోగ్లోబిన్ 8.2 మాత్రమే ఉన్నది కాబట్టి రెండు సంచుల రక్తం సిద్ధం చేసుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. నాదీ ఓ పాజిటివే కదా అని నేను ధైర్యంగా రక్తనిధికి పోయాను. కాలేజీ శిబిరంలో మనిద్దరం పక్కపక్క మంచాల మీద పడుకుని రక్తం ఇచ్చిన రోజు, ఆ తరువాత నువ్వు తిన్న అరటిపండ్ల లెక్క గుర్తుకు వచ్చి నాలో నేనే నవ్వుకున్నాను కూడా.

నా రక్తం చెల్లె రక్తంతో కలవలేదు. అక్కడ నిల్వ ఉన్న మరో నాలుగు ఓ పాజిటివ్ సంచులూ కలవలేదు. పరీక్ష చేసే మేడం నన్ను లోపలికి పిలిచి ఒక చిన్న గాజు గొట్టాన్ని ట్యూబులైటుకు ఎదురుగా పట్టి చూపించింది. ఊపితే ఎర్రనీళ్లలా కలిసిపోవలసిన నా రక్తకణాలు, చెల్లె రక్తంలోని నీరు తగలగానే, ఒకే ముద్దగా గడ్డకట్టి గొట్టం అడుగున అటూ ఇటూ దొర్లుతున్నాయి. "ఇది నరంలోకి పోయి ఉంటే కణాలన్నీ పగిలిపోయేవి, చలిజ్వరం, నడుము నొప్పి వచ్చి, మూత్రం నల్లబడి, కిడ్నీలు దెబ్బతినేవి" అని ఆమె నెమ్మదిగా చెప్పింది. రాజమల్లూ, తోడబుట్టినవాణ్ణి, నా రక్తం నా చెల్లెకు విషమట. ఆ మాట విన్న తరువాత బయటి బల్ల మీద ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

చెల్లె రక్తాన్ని బాంబే గ్రూపు అంటారు. 1952లో డాక్టర్ భేండే, ఆయన సహచరులు బొంబాయిలో మొదట గుర్తించారు కనుక ఆ పేరు వచ్చింది. ఏ గ్రూపు గుర్తు అయినా, బీ గ్రూపు గుర్తు అయినా, ఎర్రకణం మీద హెచ్ అనే ఒక పునాది పదార్థం ఉంటేనే దాని మీద కట్టబడతాయి. ఓ వాళ్లకు ఆ పునాది ఒక్కటే ఉంటుంది. స్వరూపకు ఆ పునాదే లేదు. గాజుపలక మీద ఏ, బీ మందు చుక్కలు వేసి చూస్తే రెండింటిలోనూ గడ్డకట్టదు కాబట్టి ఓ అని రాసేస్తారు. మొదటి కాన్పప్పుడు ఒక చిన్న ల్యాబులో అట్లాగే రాసిచ్చారు. ఆమె రక్తంలోని నీటిని ఓ కణాలతో కలిపి తిరగేసి పరీక్షించి ఉంటే ఆనాడే బయటపడేది. మన దేశంలో సుమారు పదివేల మందిలో ఒకరికి ఉంటుందట. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే ఇది కలుగుతుంది. అమ్మ మా బాపుకు సొంత మేనమామ బిడ్డ అని నీకు వేరే చెప్పనక్కరలేదు. తమ్ముడికి కూడా అదే గ్రూపు అని తేలింది, కానీ తోబుట్టువు రక్తాన్ని రేడియేషన్ ఇవ్వకుండా ఎక్కిస్తే ఇచ్చినవాళ్ల తెల్లకణాలు పుచ్చుకున్నవాళ్ల శరీరం మీద దాడి చేసే ప్రమాదం ఉన్నదని, బయటివాళ్లనే వెతకమన్నారు.

ఇదంతా విని స్వరూప ఏమన్నదో తెలుసా? తన ప్రాణం గురించి అడగలేదు. "అన్నా, పెద్దదానికి బీ ఎందుకొచ్చిందో ఇప్పుడన్న తెలుస్తదా?" అన్నది.

నీకు ఈ సంగతి ఎన్నడూ రాయలేదు, రాయడానికి చేయి రాలేదు. బావది ఓ, చెల్లెది ఓ అని కార్డుల్లో ఉండగా పెద్ద పాపది బీ అని వచ్చింది. ఇద్దరు ఓ వాళ్లకు బీ ఎట్ల పుడుతుందని వాళ్ల అత్త మొదట గొణిగింది, తరువాత నలుగురిలో అన్నది. మూడేళ్లుగా ఆ ఇంట్లో నా చెల్లె తల వంచుకుని బతికింది. మేడం కాగితం మీద గీసి చూపింది: స్వరూపలో బీ జన్యువు ఉన్నది, పునాది లేక అది కనబడలేదు. బావ నుంచి పునాది అందిన పాపలో అది బయటపడింది. బావ ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. మరునాడు అత్త వచ్చి ఏమీ మాట్లాడకుండా చెల్లె కాళ్ల మీద దుప్పటి సర్దింది. అందరూ దానికే సంతోషించారు. నాకు మాత్రం మూడేళ్ల మాటకు ఒక దుప్పటి సరిపోతుందని అనిపించలేదు, ఇప్పటికీ అనిపించడం లేదు.

ఇనుము ఇంజెక్షన్లతో హిమోగ్లోబిన్ 10.4కు చేరింది. నిజామాబాద్ వైపు నుంచి ఒక లారీ డ్రైవరు, అదే గ్రూపు మనిషి, రాత్రంతా ప్రయాణం చేసి వచ్చి 350 మిల్లీలీటర్లు ఇచ్చాడు. రక్తం 35 రోజులే నిల్వ ఉంటుంది కాబట్టి ఆపరేషన్‌కు వారం ముందే రమ్మన్నాం. బస్సు చార్జీ కూడా ముట్టలేదు, "బిడ్డ పుట్టినంక ఒక ఫోన్ కొట్టుండ్రి" అన్నాడంతే. ఆ సంచి ఎక్కించవలసే వచ్చింది. ఆడపిల్ల, రెండున్నర కిలోలు. నేను మొదటి ఫోను ఆయనకే చేశాను. రెండోది నీకు చేయాలనుకున్నాను కానీ గొంతు పెగలలేదు.

ఇప్పుడు నీ ఇంటి మాట, జాగ్రత్తగా చదువు. వదిన రక్తం నెగెటివ్, నీది పాజిటివ్ అని రాశావు. స్వరూప రక్తంలోని ప్రతిరక్షకాలు, అంటే పరాయి కణాల మీద దాడి చేసే పదార్థాలు, చాలావరకు పెద్ద రకం కనుక మాయను దాటి బిడ్డను చేరవు. అందుకే అక్కడ భయమంతా తల్లికి రక్తం ఎక్కించడం దగ్గరే. వదినకున్న ఆర్‌హెచ్ నెగెటివ్ సంగతి అట్లా కాదు, బిడ్డ పాజిటివ్ అయితే అలాంటి తల్లిలో పుట్టే ప్రతిరక్షకాలు మాయ దాటి బిడ్డ రక్తాన్ని విరగగొడతాయి. తొలి బిడ్డకు సాధారణంగా ఏమీ కాదు, మలి బిడ్డకే ముప్పు. 28వ వారంలో ఆ ప్రతిరక్షకాలు పుట్టకుండా ఆపే యాంటీ డీ ఇంజెక్షన్, పుట్టిన బిడ్డ పాజిటివ్ అయితే 72 గంటల లోపల మళ్లీ ఒకటి ఇప్పించాలి. గర్భం నిలవకపోయినా ఇప్పించాలి. కోరుట్లలో అమ్మవాళ్లు "మా కాలంలో ఇవన్నీ ఉన్నయా" అంటారు, నువ్వు ఫోనులోనే గట్టిగా చెప్పు. ఇంకా వదిన కార్డు మీద ఉన్న గ్రూపును ఒక మంచి రక్తనిధిలో తిరగేసి కూడా

బండి వచ్చింది, హారన్ కొడుతున్నాడు. మిగతాది మళ్లీ రాస్తాను.

నీ
శంకర్